కొత్తగా తెచ్చిన కుక్కపిల్లకి దగ్గు, ఆయాసం: దగ్గు కాదు, ఊపిరి లెక్కపెట్టండి

మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెబుతాను, మధ్యలో వచ్చి చదివేవాళ్లకి కూడా అర్థమవుతుంది. బెంగళూరులో మహదేవపుర దగ్గర ఉంటారు. పోయిన ఆదివారం ఒక బ్రీడర్ దగ్గర ల్యాబ్రడార్ పిల్లని కొన్నారు, 40 రోజుల పిల్ల అన్నాడు, బుక్‌లో ఒక వ్యాక్సిన్ స్టిక్కర్ అంటించి ఉంది. సోమవారం స్నానం చేయించారు. బుధవారం దగ్గు మొదలైంది, ముక్కులోంచి పచ్చగా చీమిడి, నిన్నటి నుంచి తిండి ముట్టలేదు, పడుకున్నా డొక్కలు ఎగరేస్తోంది. బ్రీడర్ "వాతావరణం మారింది కదా సార్, ఆవిరి పట్టండి చాలు" అన్నాడు, మదనపల్లె నుంచి అమ్మగారు వాము కషాయం పట్టమన్నారు. స్నానం వల్లే వచ్చిందా, మళ్లీ స్నానం ఎప్పుడు చేయించాలి, అన్నిటికంటే ముందు రేపటిదాకా ఆగి చూడొచ్చా అని మీ ప్రశ్నలు.

ఆగకండి. ఈరోజే, ఆక్సిజన్, ఎక్స్‌రే ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఉత్త దగ్గు, చీమిడి ఉండి పిల్ల హుషారుగా తిరుగుతూ తింటూ ఉంటే రేపు పొద్దున్నే చూపించండి అనేవాణ్ణి. తిండి మానేసింది, పడుకున్నా డొక్కలు ఎగరేస్తోంది అన్నారు చూడండి, ఆ రెండు మాటలు చాలు. అది జలుబు దాటిపోయి ఊపిరితిత్తుల్లోకి దిగింది, చాలావరకు నిమోనియా. మన ఊళ్లల్లో పసిపిల్లలకి "నెమ్ము చేసింది" అంటారే, అదే. ఆరు వారాల పిల్లకి రాత్రికీ పొద్దుటికీ మధ్య చాలా జరిగిపోతుంది.

నేను తిరుపతి వెటర్నరీ కాలేజీలో చదివి పదిహేడేళ్లుగా కె.ఆర్.పురం వైపు ప్రాక్టీసు చేస్తున్నాను. నవంబరు నుంచి జనవరి దాకా, రాత్రిళ్లు చలి దిగే రోజుల్లో, ఇలాంటి పిల్ల వారానికి ఒకటైనా నా టేబుల్ మీదకి వస్తుంది. వచ్చే పిల్లలన్నిటి కథ ఇంచుమించు మీదే, కొన్న రోజు మాత్రమే మారుతుంది.

ఊపిరి ఎలా లెక్కపెట్టాలి. పిల్ల నిద్రపోతున్నప్పుడు పక్కన కూర్చుని, ముట్టుకోకుండా, ఆఖరి పక్కటెముక వెనకాల డొక్క చూడండి. లేచి దిగితే ఒకటి. ఫోన్‌లో 30 సెకన్లు పెట్టుకుని లెక్కపెట్టి రెండింతలు చేయండి. కలగంటూ కాళ్లు కొట్టుకుంటుంటే ఆ లెక్క వదిలేసి మళ్లీ మొదలుపెట్టండి. ఆరోగ్యంగా ఉన్న పెద్ద కుక్క నిద్రలో నిమిషానికి 30 దాటదు, చిన్నపిల్లలకి కాస్త ఎక్కువ ఉండొచ్చు. రెండు మూడుసార్లు చూసినా 40 దాటుతుంటే ఇంట్లో పెట్టుకోవాల్సిన కేసు కాదు. నాకు ఫోన్ చేసేవాళ్లందరూ "డాక్టర్ గారూ, రాత్రి పదిసార్లు దగ్గింది" అని చెబుతారు. దగ్గు మంచిదే, లోపల పేరుకున్న కళ్లెని బయటికి నెడుతోంది. నాకు భయం వేసేది దగ్గు తగ్గిపోయి ఊపిరి వేగం పెరిగినప్పుడు, అంటే దగ్గే ఓపిక కూడా పోయిందన్నమాట. అదే సమయానికి ఇంట్లోవాళ్లు "రాత్రి దగ్గలేదు, నయమవుతోంది" అనుకుంటూ ఉంటారు.

పై పెదవి ఎత్తి చిగుళ్లు చూడండి. గులాబీ రంగులో తడిగా ఉండాలి. తెల్లగానో, బూడిద రంగులోనో, నీలంగానో కనిపిస్తే ఇంక లెక్కలూ వద్దు, థర్మామీటరూ వద్దు, చెప్పులు వేసుకుని బయల్దేరండి. మెడ ముందుకి చాచి, మోచేతులు బయటికి పెట్టి కూర్చునే ఉండటం, పడుకోబెడితే మళ్లీ లేచి కూర్చోవడం, ఇవీ అంతే. జ్వరం విషయంలో చాలామంది పొరపాటు పడతారు. కుక్కకి 101 నుంచి 102.5 ఫారన్‌హీట్ మామూలు, మనకి అది జ్వరం. 103 దాటితే జ్వరం అనుకోండి, కానీ 99 కంటే కిందికి పడితే నాకు ఇంకా ఎక్కువ టెన్షన్, పిల్ల ఒళ్లు చల్లబడుతోందంటే చేయి దాటుతోందన్నట్టే. డిజిటల్ థర్మామీటర్ కొనకి వాజలీన్ రాసి మలద్వారంలో పెట్టి చూడాలి, చెవి పట్టుకుని "కాలుతోంది" అంటే లెక్కలోకి రాదు.

బయల్దేరే ముందు ఆస్పత్రికి ఫోన్ చేసి మూడు ప్రశ్నలు అడగండి: ఆక్సిజన్ ఉందా, ఎక్స్‌రే ఇప్పుడు తీస్తారా, రాత్రి పిల్ల దగ్గర మనిషి ఉంటారా. మూడోది చాలామంది అడగరు. షట్టరు వేసి పొద్దున తొమ్మిదికి తెరిచే చోట అడ్మిట్ చేస్తే లాభం లేదు. డబ్బు ఇబ్బంది అయితే హెబ్బాళలో వెటర్నరీ కాలేజీ ఆస్పత్రి ఉంది, క్వీన్స్ రోడ్డులో ప్రభుత్వ పశువైద్యశాల ఉంది, వేళలు కనుక్కుని వెళ్లండి, క్యూ ఉంటుంది, పిల్ల ఎగశ్వాస పోస్తోందని కౌంటర్ దగ్గరే గట్టిగా చెప్పండి. ప్రైవేటులో ఖర్చు ఎంతవుతుందని మొహమాటపడకుండా ముందే అడగండి, మేం ఏమీ అనుకోం. ఆటోలో వెళ్తే జిప్ బ్యాగులో పెట్టకండి, తువ్వాలులో వదులుగా చుట్టి ఒళ్లో కూర్చోబెట్టుకోండి, వీపు మీద వెల్లకిలా ఎత్తుకోవద్దు. దారిలో వాలిపోతే వేలికి తేనె తీసుకుని చిగుళ్లకి రాయండి, తిండి లేని పిల్లకి రక్తంలో చక్కెర పడిపోతుంది. గొంతులో పోయకండి, రాయడమే.

ఇక స్నానం సంగతి, మీ ప్రశ్నలో అదే బాధ ఎక్కువ కనిపించింది. స్నానం వల్ల జబ్బు రాలేదు. కెన్నెల్ కాఫ్ (కుక్కల అంటుదగ్గు) అంటుకున్నాక బయటపడటానికి సాధారణంగా 2 నుంచి 10 రోజులు పడుతుంది, డిస్టెంపర్ అనే వైరస్ జబ్బుకి వారం నుంచి రెండు వారాలు. మీరు తెచ్చిన మూడో రోజుకే దగ్గిందంటే అది చాలావరకు అక్కడినుంచే తెచ్చుకుంది. తల్లిని వదిలింది, ప్రయాణం చేసింది, తిండి మారింది, పైన చన్నీళ్లు పడ్డాయి, ఇవన్నీ కలిసి లోపలున్నదాన్ని ఎగదోశాయి. అంతవరకే మీ తప్పు.

అసలు జబ్బు ఏమై ఉండొచ్చు? మామూలుగా వచ్చేది కెన్నెల్ కాఫ్, అంటే బోర్డెటెల్లా అనే బ్యాక్టీరియా, దానితోపాటు ఒకటి రెండు వైరస్‌లు కలిసి గొంతులో చేసే గొడవ. పెద్ద కుక్కలకి రెండు వారాల్లో దానంతట అదే తగ్గుతుంది, ఈ వయసు పిల్లలకి మాత్రం గొంతు దగ్గర ఆగకుండా కిందికి దిగుతుంది. రెండోది డిస్టెంపర్, దాని గురించి కింద విడిగా రాస్తాను. మూడోది జబ్బుకంటే మన చేతులు చేసేది: పాలు పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోవడం. ఇవి కాక నులిపురుగుల పిల్లలు ఊపిరితిత్తుల మీదుగా ప్రయాణం చేసేటప్పుడు కూడా దగ్గు వస్తుంది, డీవార్మింగ్ ఎప్పుడు చేశారో బ్రీడర్‌ని అడిగి డాక్టరుకి చెప్పండి. తాగిన పాలు ముక్కులోంచి కారుతుంటే నోరు తెరిచి అంగిట్లో చీలిక ఉందేమో చూడమనండి, పుట్టుకతో వచ్చే లోపం అది, రెండు సెకన్లలో తెలిసిపోతుంది, చూడకపోతే నెలల తరబడి తెలియదు.

బలవంతంగా తాగించకండి. ఈ ఒక్కటీ నా మాట వినండి. మూడేళ్ల కింద మారతహళ్లి పీజీ నుంచి నలుగురు కుర్రాళ్లు ఒక బీగల్ పిల్లని తెచ్చారు, రాత్రి పదకొండు దాటింది. తిండి తినట్లేదని పాపం ప్రేమ కొద్దీ ఇరవై ఎంఎల్ సిరంజితో గంటకోసారి పాలు పట్టారు, తల పైకెత్తి, మూతి మూసి, గొంతు నిమురుతూ. దాని ముక్కు దగ్గర తువ్వాలు మీద పాల నురగ ఇంకా తడిగా ఉంది. ఎక్స్‌రేలో కుడివైపు ఊపిరితిత్తి మధ్య భాగం తెల్లగా మూసుకుపోయింది. ఆక్సిజన్‌లో పెట్టాం, తెల్లవారేలోపు పోయింది. ఆ కుర్రాళ్లలో ఒకడు మదనపల్లె వైపువాడే, "సార్, తాగింది కదా సార్" అని అదే మాట అంటూ ఉన్నాడు.

ఆయాసపడే పిల్లకి ఊపిరి పీల్చడం, మింగడం రెండూ ఒకేసారి కుదరవు. తినకపోవడానికి ఇంకో కారణం ముక్కు. కుక్క వాసన తగలనిదే తినదు, ముక్కు మూసుకుపోతే ముందున్న చికెన్ కూడా దానికి గోడలాంటిదే. దూదిని గోరువెచ్చటి సెలైన్‌లో తడిపి ముక్కు రంధ్రాల చుట్టూ ఎండిపోయిన చీమిడిని నానబెట్టి తుడవండి, లోపలికి పుల్లలు పెట్టకండి. తర్వాత ఉల్లి, వెల్లుల్లి, మసాలా లేకుండా ఉడికించిన చికెన్ మెత్తగా నలిపి, వేలికి వెచ్చగా తగిలేంత వేడి చేసి ముందు పెట్టండి, వేడికి వాసన లేస్తుంది. పిల్ల పొట్టమీద బోర్లా కూర్చుని, తల నేలకి సమంగా ఉంచి, తనంతట తానే నాకాలి. నాకకపోతే వదిలేయండి. అవసరమైతే ఆస్పత్రిలో సెలైన్, ముక్కులోంచి చిన్న గొట్టం ద్వారా ఆహారం, ఇవి ఉన్నాయి. ఆవుపాలు మాత్రం ఎలాగూ వద్దు, నూటికి తొంభై పిల్లలకి విరేచనాలు పట్టుకుంటాయి అని నా అనుభవం.

ఇంట్లో చేయకూడనివి ఇంకొన్ని ఉన్నాయి, త్వరగా చెప్పేస్తాను. వాము కషాయం పైన చెప్పిన కారణానికే వద్దు, అమ్మగారికి నేను చెప్పానని చెప్పండి. విక్స్, కర్పూరం, నీలగిరి తైలం వద్దే వద్దు, కుక్క దాన్ని నాకుతుంది, అది విషం. దగ్గు అణిచే సిరప్పులు వద్దు, కళ్లె లోపలే ఉండిపోతుంది. జ్వరానికి మనం వేసుకునే డోలో 650 కూడా వద్దు, లెక్క వేసి చూడండి: మీ పిల్ల 3 కిలోలు అనుకుంటే ఒక్క మాత్రతో కిలోకి 216 మిల్లీగ్రాములు పడుతుంది, కుక్కకి కాలేయం దెబ్బతినడానికి అందులో సగం చాలు. కాంబిఫ్లామ్ అంతకంటే అన్యాయం, కడుపులో పుండ్లు పడి కిడ్నీలు పోతాయి. పిల్ల ఉన్న గదిలో అగరుబత్తి, సాంబ్రాణి, దోమల చుట్ట వెలిగించకండి. పక్కింటి అంకుల్ ఎవరో చెప్పే "ఒక్క ఇంజెక్షన్‌తో లేచి కూర్చుంటుంది" అన్నది ఎక్కువసార్లు స్టెరాయిడ్, లేచి కూర్చుంటుంది నిజమే, రెండు రోజుల తర్వాత మళ్లీ పడుకుంటుంది.

ఆస్పత్రిలో ఏం చేస్తారో తెలిస్తే మీకు భయం తగ్గుతుంది. ముందు ఆక్సిజన్, అప్పుడే ఎక్స్‌రే. ఊపిరి ఆడని పిల్లని వెంటనే పక్కకి తిప్పి పడుకోబెట్టి ఫోటో తీయబోతే టేబుల్ మీదే ప్రాణం పోవచ్చు, అందుకని డాక్టరు "పది నిమిషాలు ఆగండి" అంటే ఆలస్యం చేస్తున్నారని అనుకోవద్దు. రక్తపరీక్ష, కంటి దగ్గరా ముక్కులోనూ దూదిపుల్లతో తడి తీసి డిస్టెంపర్ ఉందేమో చూసే కిట్, యాంటీబయాటిక్ సూదిమందు, సెలైన్, నెబ్యులైజర్. ప్రాక్టీసు పెట్టిన మొదటి ఏడాది హోస్కోటె నుంచి వచ్చిన ఒక స్పిట్జ్ పిల్లకి ఎక్స్‌రే తీయించకుండా, వాళ్ల దగ్గర డబ్బులు తక్కువున్నాయని నాకు నేనే అనుకుని, మాత్రలు రాసి ఇంటికి పంపాను. వాళ్లు డబ్బుల మాటే ఎత్తలేదు. మర్నాడు పొద్దున ఫోన్ వచ్చింది. అప్పటినుంచి ఆయాసం ఉన్న పిల్లని ఎక్స్‌రే లేకుండా ఇంటికి పంపను.

రెండు నుంచి నాలుగు రోజుల్లో ఊపిరి 40కి కిందికి దిగి, తనంతట తాను తింటే ఇంటికి పంపిస్తారు. అప్పుడు మొదలవుతుంది మీ పని. ఆవిరి వేరు, నెబ్యులైజర్ వేరు. ఆవిరి బొట్లు పెద్దవి, ముక్కు, గొంతు దగ్గరే ఆగిపోతాయి, పైగా గిన్నె తన్నుకుని ఒళ్లు కాల్చుకున్న పిల్లల్ని చూశాను. నెబ్యులైజర్ పొగ సన్నగా ఉండి లోపలిదాకా వెళ్తుంది. 2021 కోవిడ్‌లో కొన్నది మీ అపార్ట్‌మెంట్లో ఎవరో ఒకరి అటక మీద ఉంటుంది, అడగండి, మాస్కు, గొట్టం మాత్రం కొత్తవి కొనండి. మొహానికి మాస్కు పెడితే పిల్ల ఊరుకోదు. ప్లాస్టిక్ బట్టల బుట్టలో కూర్చోబెట్టి, పైన తువ్వాలు కప్పి ఒక వైపు నాలుగు వేళ్ల సందు వదిలి, ఇంకోవైపు నుంచి గొట్టం పెట్టండి. ఉత్త నార్మల్ సెలైన్, 10 నుంచి 15 నిమిషాలు, రోజుకి మూడు నాలుగుసార్లు. మందు కలపాలా వద్దా అన్నది మీ డాక్టరు చెప్పాలి.

ఆ వెంటనే అరచేతిని నీళ్లు దోసిలి పట్టినట్టు గుంటగా చేసి, పక్కటెముకల మీద వెనకనుంచి ముందుకి, రెండు వైపులా, మూడు నాలుగు నిమిషాలు తట్టండి. చప్పుడు బోలుగా "డొప్ డొప్" అని రావాలి, "ఫట్" అని వస్తే చెయ్యి చాపేశారని అర్థం, పిల్లకి నొప్పి. తర్వాత గదిలో నాలుగడుగులు నడిపిస్తే దగ్గి కళ్లె మింగేస్తుంది, మనలా ఉమ్మదు, ఫరవాలేదు. ఆయాసం ఎక్కువున్నప్పుడు, తిన్న గంటలోపు ఇది చేయకండి. పక్కకి పడుకునే పిల్లని రెండు గంటలకోసారి అటు ఇటు తిప్పండి. పడకకి ఒక పక్క నీళ్ల సీసా గోరువెచ్చగా నింపి తువ్వాలు చుట్టి పెట్టండి, ఇంకో పక్క ఖాళీగా ఉంచండి, వేడెక్కితే జరగడానికి. పడక కింద గచ్చు మీద గోనె పట్టానో మందపాటి దుప్పటో వేయాలి, బెంగళూరు గచ్చు డిసెంబరులో మంచుగడ్డే.

యాంటీబయాటిక్ అయిదో రోజుకి ఆపేస్తారు అందరూ, పిల్ల చెప్పులు కొరకడం మొదలుపెట్టిందని. ఎక్స్‌రే మళ్లీ తీసి శుభ్రంగా ఉందని చూశాకే ఆపాలి, మూడు నాలుగు వారాలు పట్టడం మామూలే. టిన్ ఫ్యాక్టరీ దగ్గరి ఒక ఆంటీ, అనంతపురంవాళ్లు, నోటు పుస్తకంలో గీతలు కొట్టి పూటపూటకీ ఊపిరి లెక్క రాసుకొచ్చేవారు: 64, 58, 60, 46, 38. ఆ 60 దగ్గర ఆవిడ నాకు రాత్రి రెండుకి ఫోన్ చేశారు, చేయడమే మంచిదైంది, మందు మార్చాం. ఆ పిల్ల ఇప్పుడు 32 కిలోలు, టీకా వేయాలంటే ముగ్గురం పట్టుకోవాలి.

డిస్టెంపర్ గురించి మొహమాటం లేకుండా రాస్తాను. కళ్లల్లో పుసులు, చీమిడి, దగ్గు, దానితోపాటు వాంతులు విరేచనాలు, పొట్ట కింద చీముపొక్కులు, ఇవి కలిసి వస్తే అనుమానించాలి. వైరస్‌కి సూటిగా మందు లేదు, పైన చెప్పిన సేవే మందు. కిట్‌లో నెగటివ్ వచ్చినంత మాత్రాన లేదని కాదు. అసలు మోసం ఏమిటంటే, దగ్గు తగ్గి, తిండి తిని, అంతా అయిపోయిందనుకున్న మూడు నాలుగు వారాలకి దవడ చూయింగ్ గమ్ నములుతున్నట్టు ఆడటం, ఒక కాలు లయగా ఎగరడం, ఫిట్స్ రావడం జరగొచ్చు. అందరికీ రాదు. వస్తే వీడియో తీసి అదేరోజు చూపించండి. బతికి బయటపడ్డ పిల్లలకి శాశ్వత దంతాల మీద గుంటలు, గోధుమరంగు మచ్చలు ఉండిపోతాయి. మనుషులకి డిస్టెంపర్ అంటదు. బోర్డెటెల్లా మాత్రం అరుదుగా అంటొచ్చు, ఇంట్లో కీమోథెరపీలో ఉన్నవాళ్లు, అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్లు ఉంటే పిల్లకి దూరంగా ఉంచండి. వేరే కుక్కలకి గిన్నెలు, పడక, మీ చేతులు అన్నీ దారులే, పిల్ల దగ్గర్నుంచి లేచాక సబ్బుతో కడుక్కుని చొక్కా మార్చుకోండి, అపార్ట్‌మెంట్ కింద తిరిగే వీధికుక్కల కోసమైనా.

బుక్‌లోని ఆ స్టిక్కరు మీద ఎక్కువ నమ్మకం పెట్టుకోకండి. డాక్టరు సంతకం, ముద్ర, తేదీ ఉన్నాయా చూడండి. ఉన్నా సరే, ఆ వయసులో తల్లిపాల నుంచి వచ్చిన రక్షణ టీకాని పనిచేయనివ్వకపోవచ్చు, అందుకే 6 నుంచి 8 వారాల మధ్య మొదలుపెట్టి 16 వారాలు నిండేదాకా రెండు నుంచి నాలుగు వారాలకోసారి వేస్తూ పోతాం. జబ్బులో ఉండగా టీకా వద్దు.

బ్రీడర్ "వెనక్కి తెచ్చేయండి, ఇంకో పిల్లని ఇస్తా" అంటాడు, ఇప్పటికే అని ఉండొచ్చు కూడా. ఇవ్వకండి, అక్కడ దానికి ఎక్స్‌రే ఎవరూ తీయించరు, ఇంకో పిల్ల కూడా అదే గదిలోంచి వస్తుంది. 2017లో కేంద్రం తెచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నియమాల ప్రకారం 8 వారాలు నిండని పిల్లని అమ్మనే కూడదు, బ్రీడర్‌కి రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు నమోదు ఉండాలి. మీకు అమ్మింది 40 రోజులకి. డబ్బు పంపిన స్క్రీన్‌షాట్, వాట్సాప్ మాటలు, వ్యాక్సిన్ బుక్, ఎక్స్‌రే, బిల్లులు ఒక ఫైల్లో దాచండి, వినియోగదారుల కమిషన్‌కి వెళ్లడానికి రెండేళ్ల గడువు ఉంది కాబట్టి ఆ గొడవ తర్వాత పెట్టుకోవచ్చు.

పగ్, ఫ్రెంచ్ బుల్‌డాగ్ ఉన్నవాళ్లు ఇది చదివి కంగారుపడకండి, అవి గురక పెట్టడం వాటి ముక్కు తయారీలోనే ఉంది. వాటికి కూడా లెక్కే చూడండి, చప్పుడు కాదు.

మళ్లీ స్నానం ఎప్పుడు అని అడిగారు. దగ్గు పూర్తిగా పోయి, టీకా పడి వారం దాటాక, ఎండ ఉన్న రోజు మధ్యాహ్నం. అప్పటిదాకా గోరువెచ్చటి నీళ్లలో గుడ్డ పిండి తుడిచి, పొడి తువ్వాలుతో వెంటనే ఆరబెట్టండి, కాలి వేళ్ల సందుల్లో కూడా.